చలి ప్రాంతాల్లో హీటింగ్ బిల్లు తగ్గించాలంటే ముందు ఏ పని చెయ్యాలి?

గడపగాలి
చలి మొదలవగానే ఈ ఫోరంలో అవే ప్రశ్నలు వస్తుంటాయి. కిటికీలు మార్చాలా? హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం) పెట్టించాలా? స్మార్ట్ థర్మోస్టాట్ కొంటే బిల్లు తగ్గుతుందా? పాత ఇంటికి ఈ మూడింట్లో ఏదీ మొదటి పని కాదు. తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం కావాలంటే ముందు గాలి కారే సందులు మూయాలి, అదీ అటక (సీలింగ్‌కూ కప్పుకూ మధ్య ఖాళీ) నుంచి మొదలుపెట్టాలి. తర్వాత అటక ఇన్సులేషన్ (వేడి కారకుండా అడ్డుకునే పొర), ఆ తర్వాత బేస్‌మెంట్ అంచులు, ఆపైన ఇప్పటికే ఉన్న హీటింగ్‌నే సరిగ్గా సెట్ చేసుకోవడం. కిటికీలు అన్నిటికన్నా చివర.

కారణం ఇదీ. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. చలికాలంలో ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. పైకప్పు సందుల్లోంచి వేడిగాలి ఎంత బయటికి పోతే అంత చల్లగాలి కింది అంతస్తు సందుల్లోంచి లోపలికొస్తుంది. హాల్లో కాళ్లకు చలిగాలి కొడుతోందంటే దాని మూలం చాలాసార్లు అటకలో ఉంటుంది. పై రంధ్రాలు మూస్తే కింద గాలి లాగుడు దానంతటదే తగ్గుతుంది.

లెక్క కూడా చూడండి. ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.33 వాట్-గంటలు కావాలి. ఇంట్లో 400 ఘనపు మీటర్ల గాలి ఉండి, గంటకోసారి అదంతా మారిపోతోందనుకోండి. లోపలికీ బయటికీ 25 డిగ్రీల తేడా ఉంటే 400 × 0.33 × 25, అంటే 3300 వాట్లు గాలితోనే పోతున్నాయి. కారడం సగానికి తగ్గిస్తే 1650 వాట్లు మిగులుతాయి. దానికి కావలసిన సరుకంతా కలిపి ఓ బకెట్లో పడుతుంది.

కొత్తిల్లు
గడపగాలి గారూ, ఆ సందులు ఎక్కడున్నాయో పట్టుకునేదెలా? బ్లోయర్ డోర్ టెస్టు చేయించక తప్పదా?

అటకమనిషి
చేయించగలిగితే మంచిదే. తలుపులో ఫ్యాను బిగించి ఇంటి లోపలి పీడనాన్ని బయటికన్నా 50 పాస్కల్స్ తగ్గిస్తారు. అప్పుడు గంటకు ఎన్నిసార్లు ఇంటి గాలి మారుతోందో కొలుస్తారు. గాలి బాగా కారే పాత ఇళ్లలో ఆ అంకె 10 దాటడం మామూలే. పాసివ్ హౌస్ (అతి తక్కువ హీటింగ్‌తో నడిచే ఇల్లు) ప్రమాణానికి 0.6 దాటకూడదు. దానికీ మామూలు ఇంటికీ పోలిక లేదు లెండి, 10 నుంచి 5కి దించినా బిల్లులో తేడా బాగా తెలుస్తుంది.

టెస్టు లేకుండా కూడా చాలావరకు దొరుకుతాయి. బాగా చలిగా, గాలిగా ఉన్న రోజు కిటికీలన్నీ మూయండి. గ్యాస్ లేదా ఆయిల్ బర్నర్లన్నీ ఆపేయండి, కట్టెల పొయ్యిలో నిప్పు ఉండకూడదు. బాత్రూమ్ ఫ్యాన్లు, వంటింటి ఎగ్జాస్ట్, బట్టల డ్రైయర్ అన్నీ ఒకేసారి వేయండి. ఇప్పుడు అగరుబత్తి వెలిగించి స్కర్టింగ్ అంచు, ప్లగ్ సాకెట్లు, కిటికీ చుట్టూ చెక్కపట్టీలు, తలుపు అడుగు, బేస్‌మెంట్ పైఅంచు దగ్గర నెమ్మదిగా కదపండి. పొగ పక్కకు వంగిన ప్రతిచోటా మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. అయ్యాక బర్నర్లు మళ్లీ వెలిగించడం మర్చిపోవద్దు.

అటకలో అగరుబత్తి పని చెయ్యదు, పాత ఫైబర్‌గ్లాసే చెబుతుంది. ఆ ఇన్సులేషన్ పొర ఎత్తి చూడండి, నల్లగా మాసిన మచ్చలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి గాలి అందులోంచి వడకట్టుకుని పోవడంతో దుమ్ము పట్టిన చోట్లవి. ఆ మచ్చ కిందే రంధ్రం ఉంటుంది.

మూయాల్సినవి వరసగా: గోడల్లోంచి పైకొచ్చే కరెంటు వైర్ల రంధ్రాలు, ప్లంబింగ్ పైపు చుట్టూ ఖాళీ, లోపలి గోడల పైపట్టీకీ సీలింగ్ బోర్డుకీ మధ్య గీత, బాత్రూమ్ ఫ్యాను డబ్బా అంచు, వంటింటి అల్మరాల మీద దించిన సీలింగ్. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. పైనుంచి చూస్తే అక్కడ బోర్డే ఉండదు, గోడ లోపలి ఖాళీ నేరుగా అటకలోకి తెరుచుకుని ఉంటుంది. దానికి ఫోమ్ క్యాన్లు చాలవు. రిజిడ్ ఫోమ్ బోర్డు కొలతకు కోసి మూసి, అంచులు ఫోమ్‌తో సీల్ చెయ్యాలి.

సరుకు విషయం. 6 మి.మీ. కన్నా సన్న సందుకు సీలెంట్ ట్యూబు. అంతకన్నా వెడల్పుంటే, సీలెంటే వాడాలనుకుంటే, వెనక ఫోమ్ తాడు దూర్చి దానిమీద పట్టించాలి. లేకపోతే మూడువైపులా అతుక్కుని మొదటి చలికే చీలిపోతుంది. వేలు దూరేంత రంధ్రాలకు ఫోమ్ క్యాన్. కిటికీ, తలుపు ఫ్రేముల చుట్టూ మాత్రం తక్కువగా పొంగే రకమే వాడండి. మామూలు ఫోమ్ పొంగి ఫ్రేమును లోపలికి నెడుతుంది, తర్వాత తలుపు పట్టేస్తుంది.

పైపులయ్య
పై పోస్టుకు ఒక హెచ్చరిక చేర్చాలి. అటకలో పొగగొట్టం చుట్టూ ఖాళీని ఫోమ్‌తో మూయకండి, అది మండుతుంది. అక్కడ రేకు కోసి అమర్చి, అంచుకు నిప్పు తట్టుకునే సీలెంట్ పట్టించాలి. గొట్టం చుట్టూ ఇన్సులేషన్ ఆనకుండా రేకుతోనే కాలర్ చుట్టాలి. ఎంత ఎడం ఉండాలో గొట్టం మీదో దాని మాన్యువల్లోనో రాసి ఉంటుంది, అదే పాటించండి. సీలింగ్‌లో దించిన పాత లైట్లకూ ఇదే జాగ్రత్త. ఇన్సులేషన్ తగిలినా ఫర్వాలేదన్న ముద్ర లేకపోతే చుట్టూ 75 మి.మీ. ఖాళీ వదలాలి. నన్నడిగితే ఆ లైట్లు తీసేసి, సీల్ చేసిన ఎల్‌ఈడీలు పెట్టడమే నయం.

ఇంకొకటి. ఇల్లు బిగించాక ఇంటి గాలినే వాడుకునే పాత గ్యాస్ హీటరు ఉంటే పొగ వెనక్కి తన్నే ప్రమాదం పెరుగుతుంది. కిటికీలన్నీ మూసి, ఫ్యాన్లన్నీ వేసి హీటరు వెలిగించండి. 5 నిమిషాలాగి డ్రాఫ్ట్ హుడ్ (హీటరు పొగ గొట్టంలోకి వెళ్లే చోట ఉండే తెరిచిన మూతి) దగ్గర పొగ పెట్టి చూడండి. హుడ్ ఆ పొగను తన లోపలికి పీల్చుకోవాలి. పొగ గదిలోకి వస్తుంటే వెంటనే ఆపి టెక్నీషియన్‌ను పిలవాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల బయటా ఉండాల్సిందే. ఇందులో పొదుపు చూసుకోకండి.

తేమలెక్క
అటకలోకి ఎక్కేముందు మరో మూడు చూసుకోండి. పాత ఇళ్లలో గులకరాళ్లలా మెరిసే వర్మిక్యులైట్ ఇన్సులేషన్ ఉంటే కదపకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. పింగాణీ గుబ్బల మీద లాగిన పాత వైరింగ్ ఉంటే దానిమీద ఇన్సులేషన్ కప్పకూడదు. ముందు ఎలక్ట్రీషియన్ తేల్చాలి. మూడోది బాత్రూమ్ ఫ్యాను గొట్టం. అది అటకలోనే వదిలేసి ఉంటే మొదట దాన్ని కప్పు బయటికి తీసుకెళ్లండి.

తేమ ఎందుకంత ముఖ్యమంటే, 21 డిగ్రీల్లో 40 శాతం తేమ ఉన్న గాలి 7 డిగ్రీల ఉపరితలం తగిలితే చాలు నీరు కక్కుతుంది. అటకలో చెక్క సున్నాకన్నా కిందే ఉంటుంది కదా, అక్కడ మంచుపొర కడుతుంది. కాస్త ఎండ రాగానే అదంతా కరిగి కిందికి కారుతుంది. చాలామంది కప్పు లీకవుతోందని రూఫర్‌ను పిలుస్తారు. కప్పుకేమీ కాదు, ఇంట్లోంచి పోయిన తేమే తిరిగొచ్చింది. అందుకే సందులు మూయకుండా పైన ఇన్సులేషన్ పరిచేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. ఇన్సులేషన్ పెరిగేకొద్దీ అటక ఇంకా చల్లబడుతుంది, తేమ మాత్రం అంతే వస్తుంటుంది.

చూరు అంచున వేలాడే మంచుదిమ్మలూ దీని ఫలితమే. కారిన వేడికి కప్పు మీది మంచు అడుగున కరుగుతుంది, ఆ నీరు చల్లటి చూరు దగ్గరికొచ్చి మళ్లీ గడ్డకడుతుంది. వెనక నిలిచిన నీరు పెంకుల కింద నుంచి లోపలికి దిగుతుంది.

కొత్తిల్లు
సందులు మూశాక ఇన్సులేషన్ ఎంత మందం వెయ్యాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

లెక్కలమావయ్య
కాదు. ప్రతి రెట్టింపుకీ లాభం సగమవుతుంది. 100 చదరపు మీటర్ల సీలింగ్, 25 డిగ్రీల తేడా అనుకుందాం. ఇక్కడ ఆర్ విలువ (వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) మెట్రిక్‌లో చెబుతున్నా. దాన్ని 5.68తో గుణిస్తే కొన్నిచోట్ల బస్తాల మీద రాసే పెద్ద అంకె వస్తుంది.

ఇన్సులేషన్ అసలు లేకపోతే బోర్డూ గాలిపొరా కలిపి 0.35 దగ్గర ఉంటుంది, 7000 వాట్లు పోతాయి. ఆర్ 2 అయితే 1250 వాట్లు. 4 అయితే 625. 8 అయితే 312. 10 అయితే 250. అంటే శూన్యం నుంచి 2కి వెళ్లడం అత్యవసరం. 2 నుంచి 8కి వెళ్లడం మంచి బేరం. 8 నుంచి 10కి వెళ్తే మిగిలేది 62 వాట్లే. కూలీలు ఎలాగూ వచ్చారు, ఇంకో నాలుగు బస్తాలే కదా అనుకుంటే వేయించుకోండి, దానికోసం మళ్లీ పిలిపించొద్దు.

యంత్రంతో ఊదే కాగితపు పీచు, సెల్యులోజ్‌తో 8 రావాలంటే సర్దుకున్న తర్వాత సుమారు 32 సెం.మీ. ఉండాలి. ఊదిన రోజున ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ దిగుతుంది. అందుకే ఎత్తు కొలిచి సరిపెట్టుకోకుండా బస్తాలు లెక్కపెట్టండి. ఎన్ని చదరపు మీటర్లకు ఎన్ని బస్తాలు పడాలో బస్తా మీదే పట్టిక ఉంటుంది. గాలి ఎక్కువ కలిపి ఊదితే తక్కువ బస్తాలతో ఎత్తు చూపించొచ్చు, తెలిసిన మోసమే.

ఇప్పుడు అటక మూత సంగతి. 100 చదరపు మీటర్లలో అది 0.6 చదరపు మీటర్లే. చుట్టూ ఆర్ 8 వేసి మూతను ఒట్టి చెక్కగా, ఆర్ 0.3తో వదిలేశారనుకోండి. మిగతా 99.4 చదరపు మీటర్ల సీలింగంతా కలిపి డిగ్రీకి 12.4 వాట్లు వదులుతుంది, ఆ మూత ఒక్కటే 2 వాట్లు వదులుతుంది. మొత్తం సీలింగ్ సగటు 8 నుంచి 6.9కి పడిపోతుంది. ఇది మూత గట్టిగా కూర్చున్నప్పటి లెక్క. అంచుల్లోంచి గాలి కూడా కారుతుంటే ఇంకా ఘోరం.

అటకమనిషి
ఆ మూతకు చేయాల్సింది: పైన 100 మి.మీ. రిజిడ్ ఫోమ్, 50 మి.మీ. ముక్కలు రెండు ఒకదానిమీద ఒకటి, ఫోమ్ బోర్డుకు పనికొచ్చే జిగురుతో. కొన్ని జిగుర్లు ఫోమ్‌ను తినేస్తాయి, ట్యూబు మీద చదవండి. మూత కూర్చునే అంచు చుట్టూ వెదర్ స్ట్రిప్ (గాలి ఆపే మెత్తటి పట్టీ). తర్వాత రెండు కొక్కేలు బిగించి కిందికి లాగి పట్టేలా చెయ్యాలి. వెదర్ స్ట్రిప్ నొక్కుకుంటేనే పని చేస్తుంది, తేలికపాటి మూత తన బరువుతో దాన్ని నొక్కలేదు. కొక్కేలు పెట్టనివాళ్లే ఎక్కువ. అటక వైపు మూత చుట్టూ ప్లైవుడ్‌తో గట్టు కట్టండి, లేకపోతే తెరిచిన ప్రతిసారీ సెల్యులోజ్ నెత్తిన పడుతుంది.

చూరు దగ్గర మాత్రం ఇన్సులేషన్ గాలిదారిని మూసెయ్యకూడదు. ప్రతి రెండు రాఫ్టర్ల (కప్పు వాసాల) మధ్యా బాఫిల్ (గాలిదారిని తెరిచి ఉంచే పలక) అమర్చి, కప్పు పలకకూ దానికీ మధ్య 25 నుంచి 50 మి.మీ. ఖాళీ ఉంచాలి. ఊదకముందే ఇవి పెట్టెయ్యాలి, తర్వాత ఆ మూలకి ఎవరూ పాకలేరు.

చలిమంట
బేస్‌మెంట్ గురించి ఎవరూ రాయలేదు. పునాది గోడ మీద నేల దూలాలు ఆనే చోట, బయటి అంచున నిలబెట్టిన చెక్కనే రిమ్ జాయిస్ట్ అంటాం. అక్కడ కాంక్రీటుకూ చెక్కకూ మధ్య సందు ఇల్లంతా చుట్టి ఉంటుంది. చల్లగాలి లోపలికొచ్చే ప్రధాన ద్వారం అదే. పాత ఇళ్లలో అక్కడ గులాబీరంగు ఫైబర్‌గ్లాస్ ముక్కలు కుక్కి ఉంటాయి. అవి గాలిని ఆపవు. పైగా వెనక చెక్క మీద తేమ పట్టి బూజెక్కుతుంది.

చేసే పద్ధతి: ఆ ముక్కలు తీసెయ్యండి. చెక్క తడిగా, మెత్తగా ఉంటే ఆగండి, ముందు నీళ్లెక్కడినుంచి వస్తున్నాయో చూడాలి. పొడిగా ఉంటే 50 మి.మీ. ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ బోర్డు తీసుకుని ప్రతి గడిని విడిగా కొలిచి, చుట్టూ 6 మి.మీ. తక్కువగా కోయండి. అన్నీ ఒకే సైజులో కోసుకుంటే సగం పట్టవు, గడులు ఒకేలా ఉండవు. ముక్కను చెక్కకు ఆనించి, చుట్టూ మిగిలిన సందును ఫోమ్ క్యాన్‌తో నింపండి. క్యాన్ గది వేడిలో ఉండాలి. చల్లటి క్యాన్ పొంగదు, పీచులా వస్తుంది. చేతికంటితే రోజుల తరబడి పోదు, గ్లౌజులు తప్పనిసరి. చాలాచోట్ల ఈ బోర్డును బయటికి కనిపించేలా వదిలేయడానికి అగ్నిభద్రతా నిబంధనలు ఒప్పుకోవు, స్థానికంగా కనుక్కుని అవసరమైతే జిప్సమ్ బోర్డు కప్పండి.

బేస్‌మెంట్ గోడకు ఇన్సులేషన్ వేసేటప్పుడూ అంతే, కాంక్రీటుకు ఆనేది ఫోమ్ బోర్డే కావాలి. కాంక్రీటుకు ఫైబర్‌గ్లాస్ ఆనించి పైన ప్లాస్టిక్ షీటు కొడితే రెండు మూడు చలికాలాల్లో వాసన మొదలవుతుంది.

నీలితెర
అన్నీ బాగున్నాయి గానీ కిటికీలు చివర అంటే ఒప్పుకోలేను. ఒంటి గాజు కిటికీ పక్కన కూర్చుంటే వీపు గడ్డకడుతుంది. అక్కడ మనిషికి సుఖం లేక థర్మోస్టాట్ రెండు డిగ్రీలు పెంచుతారు. ఆ పెంపు లెక్కలోకి రాదా?

లెక్కలమావయ్య
వస్తుంది, మంచి పాయింటు. బయట మైనస్ 20, లోపల 21 ఉంటే ఒంటి గాజు లోపలి ముఖం మైనస్ 9 దాకా దిగుతుంది. మామూలు రెండు గాజులదైతే 6-7 డిగ్రీలు. లో-ఈ పూత (వేడిని లోపలికే తిప్పికొట్టే పొర), గాజుల మధ్య ఆర్గాన్ వాయువు ఉన్నదైతే 15 దగ్గర. అంత చల్లటి ముఖం పక్కన గదిలో గాలి 21 ఉన్నా ఒంటికి చలే.

నేను కాదనేది కిటికీ పనిని కాదు, కిటికీ మార్పిడిని. 1.5 చదరపు మీటర్ల ఒంటి గాజులోంచి 25 డిగ్రీల తేడాకు 217 వాట్లు పోతాయి. లోపలివైపు ప్లాస్టిక్ ఫిల్మ్ అతికిస్తే అది 109కి దిగుతుంది. రోజుకు 2.6 యూనిట్లు మిగులు, ఒక్క కిటికీకి. ఫిల్మ్ కిట్ ఖరీదుతో పోల్చితే కొత్త కిటికీకి ఎన్ని రెట్లవుతుందో మీరే చూసుకోండి. ఫ్రేము కుళ్లిపోయి ఎలాగూ మార్చాల్సి వస్తే మాత్రం పక్కాగా మంచిదే పెట్టించుకోండి, అప్పుడు కక్కుర్తి పడొద్దు.

నీలితెర
ఫిల్మ్ సరే, సగంమంది దాన్ని చెడగొడతారు. ఫ్రేమును ముందు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి, జిడ్డు మీద టేప్ నిలవదు. రెండువైపుల టేప్ ఫ్రేము చుట్టూ ఎక్కడా తెగకుండా అతికించాలి. ఫిల్మ్‌ను కిటికీ కన్నా అన్నివైపులా 5 సెం.మీ. ఎక్కువగా కోసి, పైనుంచి మొదలుపెట్టి అతికించండి. హెయిర్ డ్రైయర్ అంచుల నుంచి మధ్యకు తిప్పాలి. ఒకేచోట నిలిపితే చిల్లు పడుతుంది. గాజుకూ ఫిల్మ్‌కూ మధ్య 12 నుంచి 20 మి.మీ. ఉంటే బాగా పని చేస్తుంది. అతికించాక లోపల ఆవిరి పడుతోందంటే ఏదో మూల టేప్ లేచింది, గది తేమ అందులోకి పోతోందన్నమాట. గాలి వీచినప్పుడు ఫిల్మ్ ఉబ్బుతుంటే కిటికీయే కారుతోంది, ముందు దాని సందులు సీల్ చేసి మళ్లీ అతికించాలి.

ప్రమాదం వస్తే తప్పించుకుని బయటికి పోవాల్సిన కిటికీకి ఫిల్మ్ వేయొద్దు. పడగ్గదిలో ఒకటైనా వెంటనే తెరిచేలా ఉండాలి.

మందపాటి కర్టెన్లు రాత్రికి పనికొస్తాయి, అయితే రేడియేటర్ మీదికి వేలాడకూడదు. వేలాడితే రేడియేటర్ వేడి గదిలోకి రాకుండా గాజును వేడి చేస్తూ కూర్చుంటుంది. పొద్దున్నే తెరవండి, లేకపోతే వెనక పట్టిన నీరు ఫ్రేమును నానబెడుతుంది.

పైపులయ్య
నా వంతు. ఉన్న హీటింగ్‌నుంచి ఎంత రాబట్టొచ్చో చెప్తా.

కండెన్సింగ్ బాయిలర్ ఉన్నవాళ్లు: తిరిగొచ్చే నీరు 55 డిగ్రీల కన్నా కింద ఉంటేనే పొగలోని ఆవిరి నీరై ఆ వేడి మీకు దక్కుతుంది. చాలా బాయిలర్లను పెట్టినవాళ్లు 75-80కి సెట్ చేసి వెళ్లిపోతారు. అంత వేడిలో అది కండెన్స్ కాదు, మామూలు బాయిలర్ లాగే నడుస్తుంది. ముందు రేడియేటర్లకు వెళ్లే నీటిని 60కి దించండి. ఇల్లు వెచ్చబడితే 55కి. విపరీతమైన చలి రోజుల్లో చాలకపోతే పెంచుకోండి. బయటి ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టుకునే వీలున్న మోడల్ అయితే ఆ పెంచడం తగ్గించడం అదే చూసుకుంటుంది. వేడినీటి ట్యాంకు కూడా అదే బాయిలర్ మీద ఉంటే జాగ్రత్త: ట్యాంకులో నీరు 60కి చేరాలి, లేకపోతే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. ట్యాంకుకూ రేడియేటర్లకూ వేర్వేరుగా సెట్ చేయలేని మోడల్ అయితే దించకండి.

ఒక గది ఉడికిపోయి ఇంకో గది వణుకుతుంటే బాయిలర్ తప్పు కాదు, బ్యాలెన్స్ చేయలేదు. ముందు గాలి తీయండి. పంపు ఆపి, రేడియేటర్ పైమూల చిన్న వాల్వును కీతో ఎడమవైపు పావు తిప్పు తిప్పండి, కింద గుడ్డ పట్టుకోండి. చప్పుడు ఆగి నీరు రాగానే మూసేయండి. తర్వాత ప్రెజర్ చూడండి, చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి. ఇప్పుడు బాయిలర్‌కు దగ్గర రేడియేటర్ల లాక్‌షీల్డ్ వాల్వులు (రేడియేటర్‌కు ఎంత నీరు వెళ్లాలో పరిమితం చేసేవి) పూర్తిగా మూసి పావు తిప్పు తెరవండి, దూరం వెళ్లేకొద్దీ ఎక్కువ తెరవండి. ఒక్కో మార్పు తర్వాత అరగంటైనా ఆగాలి. ఓపిక లేకుండా నాలుగు వాల్వులు ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో తెలీదు.

ఫర్నేస్ (గాలిని వేడి చేసే యంత్రం), డక్టులు (ఆ గాలిని గదులకు చేర్చే గొట్టాలు) ఉన్నవాళ్లు: అటకలోనో నేల కింద పాకి వెళ్లే చల్లటి క్రాల్ స్పేస్‌లోనో డక్టులుంటే అతుకులన్నీ మాస్టిక్ అనే జిగురు ముద్ద‌తో పూయండి. బ్రష్షుతో నాణెం మందాన. వెడల్పు సందుకు ముందు మెష్ టేప్ వేసి దానిమీద పూయాలి. గుడ్డ వెనకున్న డక్ట్ టేప్ పేరుకే డక్ట్ టేప్, వేడికి జిగురెండి ఊడిపోతుంది. వాడని గదుల గ్రిల్లులు మూసేస్తే పొదుపనుకుంటారు. నిజానికి డక్టుల్లో పీడనం పెరిగి మిగతా అతుకుల్లోంచి కారుతుంది. ఫ్యానుకు గాలి చాలక ఫర్నేస్ వేడెక్కి లిమిట్ స్విచ్ (మరీ వేడెక్కితే ఆపేది) మీద ఆగుతుంది కూడా.

కొత్తిల్లు
రాత్రి థర్మోస్టాట్ తగ్గిస్తే పొద్దున్న మళ్లీ వేడెక్కడానికి అంతకంత ఖర్చవుతుందంటారు?

పైపులయ్య
తప్పు. ఇల్లు చల్లబడ్డ ప్రతి గంటా బయటితో తేడా తగ్గుతుంది, కారే వేడీ తగ్గుతుంది. పొద్దున్న మీరు తిరిగి నింపేది గోడల్లోంచి దిగిపోయిన వేడినే, అది రాత్రి ఫర్నేస్ ఆగి ఉన్నప్పుడు వాడుకున్నదే. రోజుకు 8 గంటల పాటు 4-5 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో 10 శాతం దాకా మిగలొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. కారే ఇంట్లో ఎక్కువ మిగులుతుంది, బాగా బిగించిన ఇంట్లో తక్కువ. ఎందుకంటే అది రాత్రంతా చల్లబడితేగా.

పైపులు బయటి గోడల్లో ఉంటే మరీ దించకండి. ఊరెళ్లినా 12-13 కన్నా కిందికి వద్దు.

గడపగాలి
హీట్ పంప్ ఉన్నవాళ్లకు ఈ సలహా తిరగబడుతుంది, అది చెప్పాలి. 5 డిగ్రీలు దించి పొద్దున్న ఒక్కసారిగా పెంచితే థర్మోస్టాట్ సహాయక కరెంటు కాయిల్‌ను ఆన్ చేస్తుంది. పంపు ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి తెస్తుంది, కాయిల్ ఒక యూనిట్‌కు ఒకటే. రాత్రి మిగిల్చింది పొద్దున్న గంటలో పోతుంది. అందుకని 1-2 డిగ్రీల కన్నా దించొద్దు, లేదా ఫలానా బయటి ఉష్ణోగ్రత కన్నా పైన కాయిల్ రాకుండా లాక్ చేసుకోండి. ఆ సెట్టింగ్ ఇన్‌స్టాలర్ మెనూలో దాగి ఉంటుంది.

బయటి యూనిట్‌ను మంచు పేరుకునే ఎత్తు కన్నా పైన స్టాండ్ మీద పెట్టాలి. కింద డీఫ్రాస్ట్ నీరు (యూనిట్ మీది మంచు కరిగిన నీరు) పోయే దారి ఉండాలి. నేలమీదే పెడితే అడుగున మంచుగడ్డ పెరిగి ఫ్యాను రెక్కలకు తగులుతుంది. కొనేవాళ్లకు ఒక్క మాట: మైనస్ 15 దగ్గర ఎంత వేడి ఇస్తుందో పట్టికలో చూసి కొనండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది సాధారణంగా 7-8 డిగ్రీల దగ్గరి అంకె. ఇల్లు బిగించాక పంపు సైజు లెక్క వేయించండి. ముందే కొంటే అవసరానికి మించిన పంపు కొని, అది ఆగుతూ మొదలవుతూ నడవడం చూస్తుంటారు.

రేకులషెడ్డు
ప్రకటనల్లో కనిపించే చిన్న ప్లగ్-ఇన్ హీటర్లు, "తక్కువ కరెంటుతో ఇల్లంతా వేడి" అనేవి?

లెక్కలమావయ్య
400 వాట్లు తింటే 400 వాట్ల వేడే ఇస్తుంది. సిరామిక్, ఆయిల్, ఇన్‌ఫ్రారెడ్, ఏదైనా సరే. మనిషిని వేడి చేయడమే కావాలంటే ఎలక్ట్రిక్ దుప్పటి 100 వాట్ల దగ్గర నడుస్తుంది, 1500 వాట్ల హీటరుకు బదులు అది నయం.

చలిమంట
వేడినీళ్ల సంగతి. చలి ప్రాంతాల్లో కుళాయికి వచ్చే నీరే 5 డిగ్రీలుంటుంది కాబట్టి ఇక్కడ ప్రతి లీటరూ ఖరీదే. నిమిషానికి 9.5 లీటర్ల షవర్ కింద 10 నిమిషాలుంటే 95 లీటర్లు, 5 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 3.9 యూనిట్లు. 6.5 లీటర్ల షవర్ హెడ్ పెడితే 2.6 యూనిట్లు. మనిషికి, స్నానానికి 1.2 యూనిట్లకు పైగా తేడా. ఇంట్లో నలుగురుంటే లెక్కేసుకోండి. గాలి కలిపే రకం కన్నా ధారగా వచ్చే రకం మేలు, చలి గదిలో గాలి కలిసిన నీరు ఒంటిమీద పడేలోపే చల్లారుతుంది.

ట్యాంకు నుంచి బయల్దేరే మొదటి రెండు మీటర్ల పైపుకు ఫోమ్ తొడుగు వేయండి. చీలిక కిందికి రావాలి, అతుకులకు టేప్. గ్యాస్ ట్యాంకైతే పొగగొట్టం దగ్గర 15 సెం.మీ. వదిలేయండి, పై డ్రాఫ్ట్ హుడ్, కింది గాలి రంధ్రాలు ఎప్పుడూ కప్పొద్దు.

అద్దెగది
అద్దెవాళ్లం అటకలు, బేస్‌మెంట్లు ముట్టుకోలేం. మాకేమైనా మిగిలిందా?

నీలితెర
ఫిల్మ్, తలుపు అడుగున స్వీప్ (గాలి ఆపే పట్టీ), బయటి గోడల సాకెట్లకు ఫోమ్ గాస్కెట్లు (బ్రేకర్ ఆపి, కవర్ తీసి, గాస్కెట్ పెట్టి బిగించడమే), తర్వాత ఊడదీసుకునే సీలెంట్. ఈ చివరిది చాలామందికి తెలీదు. కిటికీ సందుల్లో పట్టిస్తే చలికాలమంతా ఉంటుంది, వసంతంలో పట్టుకుని లాగితే రబ్బరు తాడులా వచ్చేస్తుంది, రంగు పోదు. స్వీప్ బిగించేటప్పుడు గడపకు కాస్త రాసుకునేలా ఉండాలి. మరీ నొక్కుకుంటే నెలలోనే అంచు చిరుగుతుంది, ఒక కాగితం బిగువుగా జారితే సరిగ్గా ఉన్నట్టు. అపార్ట్‌మెంటులో కారిడార్ తలుపు అయితే ముందు అడగండి, అది అగ్నినిరోధక తలుపైతే మార్పులకు ఒప్పుకోకపోవచ్చు. వాడని పొయ్యి ఉంటే డాంపర్ (పొగగొట్టం మూత) మూసి ఉందో లేదో చూడండి, తెరిచి ఉంటే అది ఇంట్లో అన్నిటికన్నా పెద్ద రంధ్రం.

కొత్తిల్లు
ఇవన్నీ చేశాక నిజంగా తగ్గిందో లేదో తెలిసేదెలా? ఈసారి చలి తక్కువ కావడం వల్లే బిల్లు తగ్గి ఉండొచ్చు కదా.

లెక్కలమావయ్య
హీటింగ్ డిగ్రీ డేస్‌తో భాగించండి. రోజు సగటు ఉష్ణోగ్రత 18 కన్నా ఎంత తక్కువో అన్ని డిగ్రీ డేస్. సగటు మైనస్ 4 అయితే ఆ రోజుకు 22. బిల్లు కాలం మొత్తానికి కూడండి, వాతావరణ కేంద్రం అంకెలతో స్ప్రెడ్‌షీట్‌లో పది నిమిషాల పని. కిందటేడు ఒక బిల్లులో 600 డిగ్రీ డేస్‌కు 1800 యూనిట్లు, ఈసారి 650కి 1560 అనుకుందాం. 3.0 నుంచి 2.4కి వచ్చింది. అంటే చలి పెరిగినా వాడకం 20 శాతం తగ్గింది.

తేమలెక్క
అందులో ముందు హీటింగ్ వాడని నెల బిల్లును తీసెయ్యాలి మావయ్యా. వేడినీళ్లు, వంట, లైట్లు చలితో సంబంధం లేనివి. ఏసీ, హీటింగ్ రెండూ వాడని నెలలో 300 యూనిట్లు అయ్యిందంటే రెండింట్లోంచీ 300 తీసి భాగించండి: 1500ని 600తో, 1260ని 650తో. 2.5 నుంచి 1.94. అసలు తగ్గుదల 22 శాతం పైనే.

లెక్కలమావయ్య
నిజమే, అలాగే చెయ్యాలి. ఇంకొకటి, అంచనా రీడింగ్ వేసిన బిల్లులు ఈ లెక్కకు పనికిరావు. మీటరు అంకె మీరే నెలలో ఒకే తేదీన రాసుకోండి.

కొత్తిల్లు
సరే. ఈ వారాంతం అగరుబత్తి, మాస్కింగ్ టేప్. అటకలోకి ఎక్కేటప్పుడు మాస్కు ఏ రకం?

అటకమనిషి
ఎన్95, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా. మోకాళ్ల కింద వేసుకోవడానికి 60 సెం.మీ. వెడల్పు ప్లైవుడ్ ముక్కలు రెండు, దూలాల మీద ఆనేంత పొడవువి. ఒకదానిమీద ఉండి రెండోది ముందుకు జరుపుకుంటూ వెళ్లండి. దూలాల మధ్య కాలు పెడితే నేరుగా కింది గదిలోకే.